పెద్దల బాధ్యత: మునగాల నుంచి గండిపేట దాకా

సమాజంలో పెద్దల బాధ్యత ఏమిటన్నది ఈ రోజు ప్రసంగాంశం. వయసులో పెద్దల గురించి కాదు నేను చెప్పబోయేది. చదువో, డబ్బో, పదవో, పలుకుబడో పదిమందికంటే ఎక్కువగా ఉన్నవాళ్ల గురించి. వీటిలో ఒకటి చేతికొస్తే మిగతావి వెతుక్కుంటూ వస్తాయి, అది వేరే సంగతి. ఈ అంశం ఇచ్చి మాట్లాడమంటే సాధారణంగా నీతిబోధ మొదలవుతుంది. ఉన్నవాళ్లు లేనివాళ్లకు పెట్టాలి, చదువుకున్నవాళ్లు దారి చూపాలి అంటారు. కాదనేవాళ్లెవరూ ఉండరు. అందుకే ఆ మాటల వల్ల ఒరిగేదీ ఉండదు. నేను నీతి జోలికి పోకుండా మునగాల జోలికి పోతాను.

హైదరాబాదు నుంచి విజయవాడ వెళ్లే బస్సు సూర్యాపేట దాటాక, కోదాడ చేరకముందే మునగాల మీదుగా పోతుంది. ఇప్పుడది ఒక మండల కేంద్రం. నిజాం రోజుల్లో దాని పరిస్థితి విచిత్రంగా ఉండేది. చుట్టూ నైజాం ఇలాకా, మధ్యలో ఈ పరగణా మాత్రం బ్రిటిషువారి కృష్ణా జిల్లాకింద లెక్క. దాని జమీందారు రాజా నాయని వెంకట రంగారావు. ఆయన దగ్గర దివానుగా పనిచేసినవారు కొమర్రాజు లక్ష్మణరావు. నాగపూరులో చదువుకుని, మహారాష్ట్రులు తమ భాషకు చేసుకుంటున్న సేవ కళ్లారా చూసి వచ్చిన మనిషి. తెలుగువాళ్లకు అలాంటిదేమీ లేదే అన్న దిగులు ఆయనను కుదురుగా కూర్చోనివ్వలేదు.

1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో, రావిచెట్టు రంగారావుగారి ఇంట్లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం మొదలైంది. మునగాల రాజావారి అండ, రావిచెట్టువారి ఇల్లు, లక్ష్మణరావుగారి ఆలోచన. కచేరీలో ఉర్దూ, బడిలో ఉర్దూ, తెలుగులో మాట్లాడితే నామోషీ అనుకునే పట్నంలో తెలుగు పుస్తకం, తెలుగు పత్రిక దొరికే చోటు ఏర్పడింది. ఆ సంస్థ ఇప్పటికీ సుల్తాన్ బజారులో ఉంది. 1906లో అదే మిత్రబృందం విజ్ఞాన చంద్రికా మండలి పెట్టింది. చరిత్ర, జీవశాస్త్రం, ఆర్థికశాస్త్రం లాంటి విషయాల మీద తెలుగులో పుస్తకాలు వేయడం దాని పని. ఆ మండలి ప్రచురించిన మొట్టమొదటి పుస్తకం గాడిచర్ల హరిసర్వోత్తమరావు రాసిన అబ్రహాం లింకన్ చరిత్ర.

ఇక్కడ కాస్త ఆగుదాం. అమెరికాలో బానిసత్వాన్ని రద్దుచేసిన మనిషి జీవితచరిత్ర అది. దాన్ని తెలుగువాళ్లకు అందించిన మండలి వెనుక పోషకుడిగా నిలిచినది మునగాల రాజా. ఆయన పరగణాలో అదే రోజుల్లో వెట్టి నడుస్తోంది. శిస్తు కాక రకరకాల పేర్లతో అక్రమ వసూళ్లూ నడుస్తున్నాయి. కూలి లేని పని ఎప్పుడు పడితే అప్పుడు చేయాల్సిందే, కబురు వస్తే చేతిలో పని వదిలేసి పోవాల్సిందే. 1930ల్లో ఆ పరగణా రైతులు ఇక లాభం లేదని తిరగబడ్డారు. జమీందారీ మీద జరిగిన తెలుగు రైతు పోరాటాల్లో మునగాల పోరాటానికి ప్రత్యేకమైన స్థానం ఉంది. నండూరి ప్రసాదరావు వంటి నాయకులు దానిలోంచే పైకి వచ్చారు.

రాజావారిని తక్కువ చేయడానికి ఈ మాట ఎత్తలేదు. ఆయన చేసింది చిన్న పని కాదు. ఆ భాషానిలయం లేకపోతే తెలంగాణ ఆధునిక చరిత్ర వేరే విధంగా ఉండేది. ఆయన నాటకం ఆడాడనీ నేను అనను. తెలుగు మీద ఆయనకున్న ప్రేమ నిజమైనదే. నా ప్రశ్న వేరు. పట్నంలో ముక్కూమొహం తెలియనివాడికి పుస్తకం ఇవ్వగలిగిన పెద్దమనిషి, సొంత ఊళ్లో రోజూ కళ్లెదుట కనిపించేవాడికి వెట్టి ఎందుకు మాఫీ చేయలేకపోయాడు? పుస్తకానికి డబ్బు ఖర్చవుతుంది, అంతే. డబ్బు మళ్లీ వస్తుంది, పైగా పేరొస్తుంది. వెట్టి వదులుకుంటే దొరతనమే పోతుంది. ఇవ్వడం ఒక పని, వదులుకోవడం ఇంకో పని. మన పెద్దలకు మొదటిది బాగా వచ్చు. రెండోది మహా కష్టం. ఈ ప్రసంగంలో నేను చెప్పదలచుకున్నది ఇదే. తక్కినదంతా దీనికి ఉదాహరణలే.

భాషానిలయం కథ అక్కడితో ఆగలేదు. నిజాం ప్రభుత్వం గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వుతో సభలకు అనుమతి తప్పనిసరి చేసింది. నలుగురు కూడి మాట్లాడుకోవడమే నేరమైనచోట గ్రంథాలయం మంచి సాకు. పేపరు చదవడానికి వచ్చామంటే కాదనడం కష్టం. ఒకడు పైకి చదువుతాడు, చదువురానివాళ్లు చుట్టూ చేరి వింటారు, విన్నాక ఊరుకోరు కదా, అడుగుతారు. 1921 నవంబరు 12న హైదరాబాదు వివేకవర్ధినిలో జరిగిన సంఘసంస్కరణ సభలో ఆలంపల్లి వెంకట రామారావు తెలుగులో మాట్లాడబోతే ఎగతాళి చేశారు. ఆ అవమానం దిగమింగుకోలేక ఆ రాత్రే కొందరు కూర్చుని ఆంధ్ర జనసంఘం పెట్టుకున్నారు. మాడపాటి హనుమంతరావు దానికి వెన్నెముక. వాళ్లలో వకీళ్లున్నారు, వతనుదారులున్నారు. అంటే పెద్దలే. వాళ్ల మొదటి కోరికలు కూడా పెద్దల కోరికలే: మాతృభాషలో చదువు, గ్రంథాలయాలు, అర్జీలు, తీర్మానాలు. మాడపాటివారు వెట్టిచాకిరి గురించి కరపత్రం రాసి ఊరూరా పంచారు, అది గొప్ప సంగతి. అయినా గడీ గుమ్మం దగ్గర పోయి నిలబడటం అనే ఘట్టం వచ్చేసరికి ఆ తరం వెనకాడింది.

అర్జీల సంఘం కాస్తా ప్రజల సంఘం ఎలా అయింది? 1944లో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన భువనగిరిలో ఆంధ్ర మహాసభ జరిగింది. అక్కడ సభ్యత్వ రుసుము బాగా తగ్గించారు. చూడ్డానికి చిన్న మార్పు. కానీ అప్పటిదాకా సభ్యుడు కావాలంటే జేబులో కాస్త డబ్బుండాలి. ఇప్పుడు చాకలి, గొల్ల, మాదిగ, కూలి ఎవరైనా చీటీ తీసుకుని సభ్యులు కావచ్చు. పల్లెల్లో జనం దాన్ని ‘సంగం’ అన్నారు. ఆ సంగంలో చేరినవాళ్లలోంచే చాకలి ఐలమ్మ వచ్చింది, దొడ్డి కొమరయ్య వచ్చాడు. మితవాద నాయకులు విడిపోయి వేరే మహాసభ పెట్టుకున్నారు. రావి నారాయణరెడ్డి మాత్రం భూస్వామి ఇంట పుట్టి, భూస్వాముల మీద పోరాటానికి నాయకుడయ్యాడు. నెల్లూరు జిల్లా అలగానిపాడులో సంపన్న రైతు కుటుంబంలో పుట్టిన పుచ్చలపల్లి సుందరయ్య తన వాటా ఆస్తిని కమ్యూనిస్టు పార్టీకి ఇచ్చేసి, పార్లమెంటుకు సైకిలు మీద వెళ్లాడు. వాళ్ల రాజకీయాలతో మనకు పేచీ ఉండొచ్చు. తెలంగాణ సాయుధ పోరాటం ఎప్పుడు ఆపాల్సింది అన్న దానిపై వాళ్లలో వాళ్లకే పేచీ వచ్చింది. నేను చూసేది ఒక్కటే. వీళ్లు దానం చేసి ఊరుకోలేదు, తమ అంతస్తు నిలబడ్డ నేలనే తవ్వారు.

ఇంకో సరదా ఉదాహరణ సినిమాలది. 1939లో గూడవల్లి రామబ్రహ్మం ‘రైతుబిడ్డ’ తీశారు. జమీందారీ దౌర్జన్యాన్ని ఎండగట్టిన సినిమా. దాన్ని తీసిన సారథి సంస్థ వెనుక ఉన్న ధనికుడు స్వయానా చల్లపల్లి జమీందారు. మిగతా జమీందారులు మండిపడ్డారు, సినిమాను నిషేధింపజేశారు. బాగుంది. తీరా చూస్తే తర్వాతి రోజుల్లో అదే చల్లపల్లి ఎస్టేటు భూముల కోసం కృష్ణా జిల్లా పేదలు ఏళ్ల తరబడి పోరాడాల్సి వచ్చింది. తెర మీద జమీందారీని తిట్టించడానికి పెట్టుబడి పెట్టొచ్చు. పొలం గట్టు మీద మాత్రం లెక్క మారిపోతుంది.

భూమి మాట వచ్చింది కాబట్టి పోచంపల్లి చెప్పకుండా దాటలేం. 1951 ఏప్రిల్ 18. వినోబా భావే శివరాంపల్లి సర్వోదయ సమ్మేళనం ముగించుకుని నల్లగొండ జిల్లాలో నడుస్తున్నారు. పోచంపల్లి దళితవాడలో 40 కుటుంబాలు తమకు 80 ఎకరాలు కావాలని అడిగాయి. సర్కారుకు రాస్తే ఎప్పటికి తేలుతుందో. ఇక్కడున్నవాళ్లలో ఎవరైనా ఇస్తారా అని వినోబా ఊరివాళ్లను అడిగారు. వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలు ఇస్తానన్నారు. అడిగినదానికంటే 20 ఎకరాలు ఎక్కువ. భూదానోద్యమం అక్కడ పుట్టింది. ఆయన మంచితనాన్ని శంకించను. కానీ అది ఏ జిల్లా, ఏ సంవత్సరం అన్నది మర్చిపోకూడదు. నల్లగొండ అయిదేళ్లుగా తుపాకుల మోతలో ఉంది. అడగందే అమ్మయినా పెట్టదంటారు, ఆ అడగడం అప్పటికే గట్టిగా జరిగి ఉంది. తర్వాత వినోబా దేశమంతా తిరిగారు. 5 కోట్ల ఎకరాలు లక్ష్యంగా పెట్టుకుంటే దానపత్రాల మీద వచ్చింది సుమారు 42 లక్షల ఎకరాలు. అందులో రాళ్లగుట్టలెన్నో, కోర్టు తగాదాల్లో ఉన్నవెన్నో. హైదరాబాదు చుట్టుపక్కల భూదాన భూములు చేతులు మారిన తీరు మీద కేసులు ఇవాళ్టికీ నడుస్తున్నాయి. పెద్దల మనసు కరిగినప్పుడు వచ్చేది కరిగినంత మేరకే వస్తుంది. పైగా రిజిస్ట్రారు ఆఫీసు దాకా వచ్చేసరికి ఆ కరిగిన మనసు మళ్లీ గట్టిపడటం కూడా ఉంది.

జమీందారులు పోయారు. 1948లో మద్రాసు రాష్ట్రం జమీందారీలను రద్దు చేసింది, మరుసటి ఏడు హైదరాబాదు రాష్ట్రంలో జాగీర్లు రద్దయ్యాయి. వాళ్ల స్థానంలోకి వచ్చిన కొత్త పెద్దల్లో ముఖ్యమైనవాళ్లు ఉన్నతాధికారులు. కలెక్టరు సంతకానికి ఒకప్పటి దొర మాటకున్నంత బలం ఉంది. ఆ సంతకం ఎలా వాడాలో చూపించిన మనిషి ఎస్.ఆర్. శంకరన్. తంజావూరు ప్రాంతం నుంచి వచ్చి, ఆంధ్రప్రదేశ్ కేడరులో ఐఏఎస్ అయి, తెలుగు పల్లెలను మనలో చాలామందికంటే బాగా తెలుసుకున్నవారు. పెళ్లి చేసుకోలేదు. జీతంలో పెద్ద భాగం దళిత పిల్లల చదువులకు పోయేది. ఇది కూడా దానమే కదా అంటారేమో. ఆయన అసలు పని అది కాదు.

1976లో వెట్టిచాకిరి నిర్మూలన చట్టం వచ్చింది. అప్పుకింద జీతానికి కుదిరిన మనిషి ఆ అప్పు ఇక తీర్చనక్కర్లేదు, రద్దయిపోయినట్టే అని ఆ చట్టం చెబుతుంది. చట్టం గెజిట్లో అచ్చవుతుంది. గెజిట్ చదివేవాడు పాలేరు కాదు. అతని అప్పు పద్దు ఉండేది ఆసామి పుస్తకంలో. ఏ రోజు తెచ్చాడో, ఎన్ని కుంచాలు తెచ్చాడో, ఎంత వడ్డీ ఎక్కిందో ఆసామి చెప్పిందే లెక్క. తాత తెచ్చిన గింజలకు మనవడు పశువులు కాసేవాడు. శంకరన్ సాంఘిక సంక్షేమ శాఖలో ఉండగా చేసిందేమిటంటే, పల్లెలకు వెళ్లి ఆ పాలేరునే ఎదుట కూర్చోబెట్టుకుని, నీ బాకీ ఇవాళ్టితో లేదు, రేపు పనికి పోవడం పోకపోవడం నీ ఇష్టం అని చెప్పడం. కింది అధికారుల చేత చెప్పించడం. అంతకంటే ఏమీ లేదు. ఉన్న చట్టాన్ని, ఎవరికోసం చేశారో వాళ్లకు తెలియజేయడం. దానికే గగ్గోలు పుట్టింది. కూలీలను రెచ్చగొడుతున్నాడని పై దాకా ఫిర్యాదులు వెళ్లాయి. ఆయన తర్వాత త్రిపుర వెళ్లి అక్కడ ప్రభుత్వ ప్రధాన కార్యదర్శిగా పనిచేశారు.

1987 డిసెంబరులో తూర్పు గోదావరి మన్యంలో గుర్తేడు దగ్గర నక్సలైట్లు అపహరించిన ఐఏఎస్ అధికారుల్లో ఆయనా ఉన్నారు. మామూలుగా అయితే ఆ అనుభవం మనిషిని ఎటు నెట్టాలో తెలిసిందే. శంకరన్ అటు పోలేదు. పదవీ విరమణ తర్వాత పౌరస్పందన వేదికకు కన్వీనరుగా ఉండి ప్రభుత్వానికీ నక్సలైట్లకూ మధ్య మాటలు కలిపే ప్రయత్నం ఏళ్ల తరబడి చేశారు. ఇరుపక్షాలనూ తప్పుపట్టారు. 2005లో పద్మభూషణ్ ఇస్తామంటే వద్దన్నారు. 2010లో కన్నుమూసేదాకా పంజాగుట్టలో మామూలు ఇంట్లో మామూలు మనిషిలా బతికారు. ఆయన ఉద్యోగానికి అతకని పని ఏదీ చేయలేదు, గమనించండి. త్యాగపురుషుడని పటం కట్టి గోడకు తగిలిస్తే మనకు హాయి, ఇక మనం ఆయనలా ఉండనక్కర్లేదు. ఆయన చేసింది తనకు ప్రభుత్వం జీతమిచ్చి చెయ్యమన్న పనే.

ఇక మన కాలానికి వద్దాం. ఇప్పుడు పెద్దలంటే అధికారులు, ఎమ్మెల్యేలే కారు. కార్పొరేటు డాక్టరు, సాఫ్ట్‌వేరు కంపెనీ వైస్ ప్రెసిడెంటు, రియల్ ఎస్టేటు వ్యాపారి, డల్లాస్‌లో స్థిరపడి ఊళ్లో గుడికి గోపురం కట్టించే పెద్దమనిషి, యూనివర్సిటీ ప్రొఫెసరు, ఈ మైకు ముందు కూర్చుని మీకు ఉపన్యాసమిస్తున్న నాలాంటివాళ్లు కూడా. దానం విషయంలో వీళ్లను ఏమీ అనలేం. బాగానే ఇస్తున్నారు. 2013 కంపెనీల చట్టం పెద్ద కంపెనీలు తమ మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చుపెట్టాలంటోంది. బడికి బెంచీలు వస్తున్నాయి, ఊరికి మంచినీళ్ల ప్లాంటు వస్తోంది, ప్లాంటు మీద కంపెనీ పేరు వస్తోంది.

నీళ్ల సంగతే తీసుకోండి. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదును ముంచేసింది. వేలమంది పోయారు. అఫ్జల్‌గంజ్‌లో ఒక చింతచెట్టెక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు, ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఆ చెట్టు గుర్తు చాలామంది చూసే ఉంటారు. ఆ తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించి పథకం వేయించారు. 1920కి గండిపేట, 1927కి హిమాయత్‌సాగర్ కట్టారు. వరద ఆగింది, ఊరికి తాగునీరూ దొరికింది. గండిపేట నీళ్లు దేవిడీకీ అవే, ధూల్‌పేటకూ అవే. నిజాం ప్రజాస్వామికవాదేమీ కాదు. మూసీ ఒడ్డునే ఊరు, ఊళ్లోనే దేవిడీలు, అంటే ఊరి కష్టం గోడ దూకి లోపలికి వస్తుంది. ఆ భయం పెద్దల చేత మంచి పని చేయించింది.

ఇవాళ ఆ భయం పోయింది. నగరానికి పడమర పక్క గేటున్న కాలనీకి సొంత బోరు, సొంత ట్యాంకరు, సొంత జనరేటరు, సొంత కాపలా. లోపలే బడి బస్సు ఎక్కే చోటు, గేటు పక్కనే ఆసుపత్రి. కుళాయిలో నీళ్లు రాకపోతే జలమండలికి ఫోను చేసే అవసరం లేదు, చేయాల్సిన మనిషి ఫోను చేయకపోతే ఆ కుళాయి ఎప్పటికీ బాగుపడదు. గండిపేట, హిమాయత్‌సాగర్ చుట్టూ 10 కిలోమీటర్ల మేర, 84 గ్రామాల్లో పెద్ద నిర్మాణాలూ కాలుష్య పరిశ్రమలూ రాకూడదని 1996లో జీవో 111 ఇచ్చారు. ఆ హద్దుల్లో ఫామ్‌హౌసులు ఎవరు కట్టుకున్నారో హైదరాబాదులో ఎవరినడిగినా చెబుతారు. రిక్షా తొక్కేవాడు కాదు. 2022లో ప్రభుత్వం ఆ ఆంక్షలు ఎత్తేస్తూ జీవో 69 తెచ్చింది. కంచే చేను మేసింది, ఆనక కంచె అనవసరమని తేల్చింది. వీళ్లే వేసవిలో చలివేంద్రం పెడతారు. దానికి నేను వ్యతిరేకిని కాను, ఎండన పడి వచ్చినవాడికి గ్లాసెడు చల్లటి నీళ్లు ఎవరిచ్చినా పుణ్యమే. కాకపోతే చలివేంద్రం పెట్టినవారిని, మీ ఫామ్‌హౌసు గోడ చెరువు హద్దుకు ఎంత దూరంలో ఉందండీ అని కూడా అడగాలి.

బడుల్లోనూ జరిగింది అదే. నా తరంలో జిల్లా పరిషత్ హైస్కూలులో తహసీల్దారు కొడుకూ కూలివాడి కొడుకూ ఒకే బెంచీ మీద కూర్చున్నారు. మాస్టారు రాకపోతే తహసీల్దారుగారికి ఆ సాయంత్రమే తెలిసేది. ఇప్పుడు ఆ పిల్లాడు లేడు, ఆ కబురూ లేదు. 2015 ఆగస్టులో అలహాబాదు హైకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. ఖజానా నుంచి జీతం తీసుకునే అధికారులు, ప్రజాప్రతినిధులు, న్యాయమూర్తులు తమ పిల్లల్ని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలకే పంపాలి, పంపనివాళ్లు ప్రైవేటు బడికి కట్టే ఫీజంత ఖజానాకూ కట్టాలి అన్నది దాని సారాంశం. ఉత్తరప్రదేశ్‌లో అది అమలు కాలేదు. పిల్లల్ని బలవంతాన ఒక బడికి పంపమనడం కోర్టుల పని కాదనే వాదనలో కొంత న్యాయం ఉంది, ఒప్పుకుంటాను. పిల్లలు తల్లిదండ్రుల ఆదర్శాలకు పరీక్ష సరుకు కాదు. కానీ ఆ తీర్పు చదివి నవ్వినవాళ్లలో ఎంతమంది, సర్కారు బడి అంత నవ్వు పుట్టించేలా ఎలా తయారైందని ఆలోచించారు?

తెలంగాణలో 2017లో భూపాలపల్లి జిల్లా కలెక్టరు కూతురి కాన్పు ములుగు ప్రభుత్వాసుపత్రిలో జరిగింది. పేపర్లన్నీ రాశాయి. తర్వాత మరికొందరు అధికారుల కుటుంబాలూ ఆ దారి తొక్కాయి. ఫొటో కోసమని పెదవి విరిచినవాళ్లున్నారు. నాకు ఆ ఫొటో అభ్యంతరం కాదు. కలెక్టరు కుటుంబం ఉన్న రోజున వార్డు కడుగుతారు, డ్యూటీ డాక్టరు సీట్లో ఉంటాడు, ల్యాబు రిపోర్టు వేళకొస్తుంది. వాళ్లు డిశ్చార్జి అయి వెళ్లాక ఏమవుతుందన్నదే అసలు సంగతి. అందుకని ఒక్క కలెక్టరు చాలడు. ఆ పట్నంలో ఉన్న తహసీల్దారు, సర్కిల్ ఇన్‌స్పెక్టరు, కాలేజీ లెక్చరరు, మెడికల్ షాపు ఓనరు, పత్రికా విలేకరి, వీళ్లందరి ఇళ్లలోని ఆడవాళ్లూ అదే వార్డుకు వస్తుంటే, వార్డు ఎప్పుడు కడగాలో ఎవరూ ఫోను చేసి చెప్పనక్కర్లేదు.